కార్టూన్ అమ్మకి గొంతు మారిన రోజు

2007 మొదట్లో జర్మనీలో చాలా ఇళ్లల్లో ఒకటే గోల. టీవీలో వచ్చేది ఎప్పుడూ చూసే కార్టూనే. అదే పసుప్పచ్చ మొహం, అదే ఆకుపచ్చ గౌను, గోపురంలా పైకి లేచిన అదే నీలం జుట్టు. ఆ అమ్మ నోరు తెరిచింది. అంతే, చూస్తున్నవాళ్లకి ఎక్కడో తేడా కొట్టింది. బొమ్మ మనదే, మాట మాత్రం పరాయిది. ఈమె మా మార్జ్ కాదు పొమ్మన్నారు చాలామంది.

బొమ్మకి వయసు రాదు. జబ్బు చెయ్యదు, పోదు. ఆ బొమ్మ వెనకాల మైకు ముందు నిలబడ్డ మనిషికి ఇవన్నీ ఉంటాయి. పదిహేనేళ్లుగా మార్జ్ సింప్సన్‌కి జర్మన్ గొంతునిచ్చిన నటి 2006 జులైలో మ్యూనిక్‌లోని తన ఫ్లాట్‌లో కన్నుమూసింది. అప్పటికి డెబ్భై ఏళ్లు. పేరు ఎలిజబెత్ ఫోల్క్‌మన్.

పేరు దగ్గర ఒక చిన్న మాట. ఇంగ్లిష్ అక్షరాల్లో చూస్తే మొదట 'వి' ఉంటుంది కాబట్టి మనవాళ్లు వోల్క్‌మన్ అని చదివేస్తారు. జర్మన్‌లో ఆ అక్షరాన్ని ఇలాంటి చోట 'ఫ' అంటారు. గొంతు మీద బతికిన మనిషి గురించి చెప్పుకుంటూ పేరే తప్పు పలికితే బాగుండదు కదా!

'సింప్సన్స్' చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో 1989 డిసెంబర్‌లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న కార్టూన్ సీరియల్ అది. నాన్న హోమర్ అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. పరమ బద్ధకస్తుడు, తిండిపోతు. కొడుకు బార్ట్ అల్లరి పిడుగు. కూతురు లీసా చదువుల సరస్వతి. మాగీ ఇంకా నోట్లో పీక తియ్యని పసిది. ఇంత గందరగోళాన్ని విసుక్కుంటూ, గొణుక్కుంటూ, కడుపులో పెట్టుకుని నెట్టుకొచ్చే ఇల్లాలు మార్జ్. ఆ గొణుగుడే ఆ పాత్రకి ప్రాణం. అమెరికాలో ఆ గొణుగుడు జూలీ కావ్నర్ అనే నటిది. జర్మన్‌లో ఫోల్క్‌మన్‌ది.

క్లిమ్‌బిమ్ అమ్మ

ఫోల్క్‌మన్ పుట్టింది 1936 మే 16న, ఎస్సెన్‌లో. బొగ్గు గనులకీ ఉక్కు కొలుములకీ పేరుపడ్డ ఊరు. ఆమె పసితనంలోనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయుధాల ఫ్యాక్టరీలున్న ఊరు కావడంతో ఎస్సెన్ మీద బాంబుల వాన కురిసింది. ఆ తరం జర్మన్ నటీనటులు చాలామంది శిథిలాల మధ్య పెరిగి, యుద్ధం తర్వాత జనాన్ని నవ్వించే పనిలో పడినవాళ్లే.

ఆమె కూడా అదే దారి. 1970ల్లో పశ్చిమ జర్మనీ థియేటర్లని చవకబారు శృంగార కామెడీలు ముంచెత్తాయి. పని కావాలి, సినిమా అదే దొరుకుతోంది. ఆమె వాటిల్లోనూ చేసింది. దీన్ని దాచిపెట్టి రాసేవాళ్లుంటారు. నాకైతే దాచాల్సిన అవసరం కనపడదు. ఆ కాలంలో ఎంతోమంది మంచి నటీమణులు ఆ గుమ్మం దాటే వచ్చారు.

అసలు పేరు తెచ్చింది టీవీ. 1973లో 'క్లిమ్‌బిమ్' అనే కామెడీ షో మొదలైంది. క్లిమ్‌బిమ్ అంటే చిల్లర సామాను, పనికిరాని హడావిడి అని చెప్పుకోవచ్చు. దర్శకుడు మిఖాయెల్ ఫ్లేగర్. చకచకా మారిపోయే జోకులు, మొహాన పడే కేకులు, బట్టలు ఊడిపోవడాలు... అప్పటిదాకా టీవీ అంటే పెద్దమనిషి తరహాలో కూర్చుని చూసే జర్మనీకి ఇది పెద్ద షాకు. పెద్దవాళ్లు ఛీ అన్నారు, తలుపులేసుకుని చూశారు. 1979 దాకా 30 ఎపిసోడ్లు వచ్చాయి.

అందులో ఒక వింత కుటుంబం ఉండేది. పిచ్చి తాతయ్య, తలతిక్క కూతురు, మెతక మొగుడు. కూతురుగా వేసిన ఇంగ్రిడ్ ష్టేగర్ దేశమంతా తెలిసిన తార అయిపోయింది. ఆ ఇంటికి తల్లి ఎవరనుకున్నారు? మన ఫోల్క్‌మనే. అంటే ఒక పిచ్చి కుటుంబానికి తల్లిగా మొహంతో పేరు తెచ్చుకున్న నటి, పన్నెండేళ్ల తర్వాత ఇంకో పిచ్చి కుటుంబానికి తల్లిగా గొంతుతో పేరు తెచ్చుకుంది. రాసి పెట్టినట్టు లేదూ!

మధ్యలో ఇంకో మలుపు ఉంది. జర్మన్ సినిమాలో మహా దర్శకుడని చెప్పుకునే రైనర్ వెర్నర్ ఫాస్‌బిండర్ ఆమెని పిలిచాడు. 1981లో 'లోలా', మరుసటి ఏడాది 'వెరోనికా ఫోస్'. రెండో సినిమాకి బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గోల్డెన్ బేర్ అవార్డు వచ్చింది. ఆమెవి చిన్న పాత్రలే. కానీ కేకులు మొహాన కొట్టించుకున్న నటిని ఫాస్‌బిండర్ తన సినిమాలోకి తీసుకున్నాడంటే ఆయనకి ఆమెలో ఏదో కనపడే ఉంటుంది.

ఆ తర్వాత జరిగేది ఏ దేశంలో అయినా ఒకటే. హీరోకి యాభై వస్తే అనుభవం అంటారు, నటికి యాభై వస్తే వయసు అంటారు. 1991లో 'సింప్సన్స్' జర్మనీలో అడుగుపెట్టేనాటికి ఆమెకి 55. కెమెరాకి వయసు కనపడుతుంది. మైకుకి ఆ పట్టింపు లేదు. పైగా మార్జ్ పాత్రకి కావలసింది లేత గొంతు కాదు. ఇల్లు ఈదీ ఈదీ కాస్త అరిగిపోయిన గొంతు.

చీకటి గదిలో మైకు

జర్మనీలో డబ్బింగ్ అంటే చిన్న పని కాదు. హాలీవుడ్ సినిమా గానీ, అమెరికన్ సీరియల్ గానీ అక్కడి మామూలు ప్రేక్షకుడు జర్మన్‌లోనే చూస్తాడు. పొరుగున ఉన్న నెదర్లాండ్స్‌లో సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూస్తారు. జర్మనీలో ఆ అలవాటు పెద్దగా లేదు. అందుకే బెర్లిన్‌లో, మ్యూనిక్‌లో డబ్బింగ్ మీదే బతికే స్టూడియోలున్నాయి, నటులున్నారు. 'సింప్సన్స్' మ్యూనిక్‌లో తయారైంది.

అక్కడి కట్టుబాటు ఒకటి మనకి వెంటనే అర్థమవుతుంది. ఒక తారకి ఒకే గొంతు. రాబర్ట్ డి నీరో అంటే క్రిస్టియాన్ బ్రూక్‌నర్. జోడీ ఫాస్టర్ అంటే హాన్సీ యోఖ్‌మన్. జూలియా రాబర్ట్స్‌కి 'ప్రెట్టీ ఉమన్' రోజుల నుంచీ డానియేలా హాఫ్‌మన్. తమిళం నుంచి వచ్చిన కమల్‌హాసన్ సినిమాలకి మన బాలుగారు గొంతిచ్చారు, గుర్తుంది కదా? సుమన్ అన్నా, రాజశేఖర్ అన్నా సాయికుమార్ గొంతే చెవిలో మోగేది. అలాంటిదే ఇది. కాకపోతే అక్కడ దాదాపు ప్రతి పెద్ద తారకీ ఇలా ఒకరుంటారు. ఎంతలా అంటే థామస్ డానెబెర్గ్ అనే ఒక్క మనిషే సిల్వెస్టర్ స్టాలోన్‌కీ, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌కీ జర్మన్‌లో మాట్లాడేవాడు. జాన్ ట్రవోల్టాకి కూడా ఆయనే! అలాంటాయన కిరాణా కొట్లో వెనక నిలబడి పాల ప్యాకెట్ అడిగితే ముందున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

పని ఎలా జరుగుతుందంటే... ముందు ఇంగ్లిష్ మాటలకి మక్కీకి మక్కీ అనువాదం వస్తుంది. అది చదవడానికే తప్ప పలకడానికి పనికిరాదు. దాన్ని ముందు పెట్టుకుని డైలాగ్ రైటర్ పెదవుల కదలికకి సరిపోయేలా కొత్తగా రాస్తాడు. చాలాసార్లు ఆయనే డబ్బింగ్ డైరెక్టర్ కూడా. ఆ స్క్రిప్టుని చిన్నచిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క కొన్ని సెకన్లు. దాన్ని అక్కడ 'టేక్' అంటారు. ఫిల్ము కాలంలో ఆ ముక్కని నిజంగానే కత్తిరించి, రెండు కొసలూ అతికించి గుండ్రంగా తిప్పేవాళ్లు. నటుడికి సరిగ్గా కుదిరేదాకా అదే ముక్క మళ్లీ మళ్లీ వచ్చేది. మన పాత డబ్బింగ్ థియేటర్లలో 'లూప్' అన్న మాట విన్నవాళ్లకి ఇది కొత్త కాదు.

జీతం కూడా ఆ ముక్కల లెక్కే. స్టూడియోకి వచ్చినందుకు ఇంత, చెప్పిన టేక్‌కి ఇంత. కోపంగా అరిచిన టేక్ అయినా, మెల్లగా ఊఁ అన్న టేక్ అయినా లెక్క ఒకటే. 

గదిలో మసక వెలుతురు. ఎదురుగా తెర. ముందు స్టాండు మీద స్క్రిప్టు. అద్దం అవతల డైరెక్టర్, సౌండ్ ఇంజినీర్. పక్కన ఎడిటర్ ఒకామె పెదవులు కలిశాయా లేదా అని డేగకళ్లతో చూస్తూ ఉంటుంది. బ, ప, మ దగ్గర పెదవులు మూసుకోవాలి, అక్కడ దొంగతనం కుదరదు. కార్టూన్‌కి ఈ బాధ కాస్త తక్కువే. బొమ్మ నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, అంతే. కానీ ఇంకో బాధ ఉంది. మనిషి తెరమీద ఉంటే సగం నటన అతని మొహంలో ఉంటుంది, గొంతు దాని వెంట పోతే చాలు. గీసిన బొమ్మకి రెండు చుక్కల కళ్లు. మిగతాదంతా గొంతే పోయాలి.

పాతరోజుల్లో నలుగురూ ఒకే మైకు చుట్టూ చేరి మాట్లాడేవారు. తర్వాత తర్వాత ఎవరి వంతు వాళ్లు వచ్చి, ఒక్కళ్లే చెప్పి వెళ్లిపోవడం మామూలైంది. తెరమీద మొగుడూ పెళ్లాం గుక్క తిప్పుకోకుండా పోట్లాడుకుంటుంటారు. ఆ గొంతుల మనుషులు ఆ రోజు ఒకరి మొహం ఒకరు చూసి ఉండకపోవచ్చు.

నువ్వా, మీరా?

డైలాగ్ రైటర్‌కి తలనొప్పి తెచ్చేది పెదవులొక్కటే కాదు. ఇంగ్లిష్‌లో 'యూ' అంటే సరిపోతుంది. జర్మన్‌లో మనలాగే 'నువ్వు', 'మీరు' వేరువేరు. 'డూ' అంటే నువ్వు, 'జీ' అంటే మీరు. మరి తెరమీద అబ్బాయీ అమ్మాయీ పరిచయమైనప్పుడు మీరు అనుకుని, ఏ సీన్‌లో నువ్వులోకి దిగాలి? ఇంగ్లిష్ సినిమా ఆ ఊసే ఎత్తదు. జర్మన్‌లో రాసేవాడు నిర్ణయించాలి. చాలామంది మొదటి ముద్దు దగ్గర గీత గీస్తారు. తెలుగులో డబ్బింగ్ మాటలు రాసేవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. ఆఫీసర్ని ఆడమనిషి ఎప్పుడు 'ఏమండీ' అంటుందో, ఎప్పుడు 'ఒరేయ్' అంటుందో తేల్చేది వాళ్లే.

హోమర్ అంటే అందరికీ గుర్తొచ్చే ఆ 'డో!' అన్న అరుపు ఉంది చూశారా, జర్మన్‌లో అది 'నైన్!' అయింది. కాదు, వద్దు అని అర్థం. దాన్ని సాగదీసి బాధగా అరిచేవాడు నోర్బెర్ట్ గాస్టెల్. అర్జెంటీనా రాజధాని బ్వెనోస్ ఎయిర్స్‌లో 1929లో పుట్టిన జర్మన్ నటుడు. బార్ట్ గొంతు సాండ్రా ష్విటావ్ అనే నటిది. 'డ్రాగన్ టాటూ' సినిమాల కథానాయిక నూమీ రపాస్‌కి కూడా ఆమే చెప్పింది. పదేళ్ల అల్లరి పిల్లాడూ, ఒంటినిండా పచ్చబొట్లున్న హ్యాకర్ అమ్మాయీ ఒకే గొంతులోంచి వచ్చారన్నమాట.

డబ్బింగ్‌లో ఇంత స్వేచ్ఛ ఉంటే అది తప్పుదారి కూడా పట్టగలదు. 'కాసాబ్లాంకా' 1952లో జర్మనీలో మొదటిసారి విడుదలైనప్పుడు అందులో నాజీలే లేరు! నాజీ అధికారి ఉన్న సీన్లన్నీ కోసేశారు. నాజీల మీద పోరాడే వీరుణ్ణి ఏవో కొత్త కిరణాలు కనిపెట్టిన నార్వే శాస్త్రవేత్తగా మార్చారు. గొంతులు మార్చి కథే మార్చేశారు. యుద్ధం ముగిసి ఏడేళ్లే అయింది మరి, గాయం మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు. అసలు కథతో పూర్తి సినిమాని మళ్లీ డబ్బింగ్ చేసి టీవీలో వేసింది 1975లో. అంటే ఒక తరం మొత్తం వేరే 'కాసాబ్లాంకా' చూసి పెరిగింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, జర్మన్ ప్రేక్షకుడికి డబ్బింగ్ గొంతు పైపూత కాదు. అతను చూసిన సినిమా అదే. అసలు గొంతు ఎప్పుడైనా చెవిన పడితే అదే నకిలీలా ఉంటుంది.

మార్జ్ విషయంలోనూ అదే జరిగింది. 1991లో మొదట జెడ్‌డీఎఫ్ అనే ప్రభుత్వ ఛానెల్లో వచ్చిన సీరియల్, 1994 నుంచి ప్రోజీబెన్ అనే ప్రైవేటు ఛానెల్‌కి మారింది. అక్కడ చూసిన ఎపిసోడ్నే మళ్లీ మళ్లీ వేసేవారు. బడి నుంచి వచ్చిన పిల్లలు బ్యాగు పడేసి టీవీ ముందు కూలబడేవారు. సొంత అమ్మ వంటింట్లో, పసుప్పచ్చ అమ్మ టీవీలో. ఒకరికొకరు పోటీగా కేకలు. 300లకి పైగా ఎపిసోడ్లలో ఫోల్క్‌మన్ గొంతు అలా జర్మన్ ఇళ్లల్లో తిరిగింది. 'క్లిమ్‌బిమ్' పేరు కూడా వినని పిల్లలకి ఆమె తెలుసు. తెలుసని వాళ్లకే తెలీదు.

2004లో 'క్లిమ్‌బిమ్' కుటుంబం మళ్లీ కలిసి స్టేజీ ఎక్కింది. పాత అభిమానులు ఆమె మొహం చూడ్డానికి వెళ్లారు. వాళ్లతోపాటు పిల్లలూ వెళ్లి ఉంటే, ఆమె నోరు తెరవగానే ఉలిక్కిపడి ఉంటారు.

ఫ్లాట్‌లో ఒక్కతే

2006 జులై చివర్లో వార్త వచ్చింది. ఫోల్క్‌మన్ మ్యూనిక్ ఫ్లాట్‌లో చనిపోయి కనిపించింది. దేశమంతా ఇంటింటా వినపడిన గొంతు, ఆఖరికి పక్కన ఎవరూ లేకుండా ఆగిపోయింది. నివాళులు రాసినవాళ్లు రెండు జట్లయ్యారు. పెద్దవాళ్లు 'క్లిమ్‌బిమ్' తల్లి పోయిందని రాశారు. చిన్నవాళ్లు మార్జ్ పోయిందని. ఇద్దరూ ఒక మనిషి గురించే చెబుతున్నారు.

అదే ఏడాది ఇంకో దెబ్బ తగిలింది. చాలా ఏళ్లుగా సీరియల్‌కి జర్మన్ మాటలు రాసి, డబ్బింగ్ డైరెక్ట్ చేసిన ఇవార్ కాంబ్రింక్ కూడా పోయాడు. ఆయన అనువాదాల్లో తప్పులు ఏరడం అభిమానులకి ఓ సరదా. ఆయన పోయాక గానీ ఆ తప్పులతో సహా అలవాటు పడిపోయామని వాళ్లకి తెలిసి రాలేదు. ఆ కుర్చీలోకి మథియాస్ ఫోన్ ష్టెగ్‌మన్ వచ్చాడు. మరి మార్జ్?

అమెరికా నుంచి కొత్త ఎపిసోడ్లు వస్తూనే ఉన్నాయి. వాటిల్లో మార్జ్ మాట్లాడుతూనే ఉంది. బొమ్మని సెలవు మీద పంపలేరు కదా.

ఆంకె ఎంగెల్కెని తీసుకున్నారు. 1965లో కెనడాలో పుట్టిన ఈమె అప్పటికే జర్మనీలో పేరుమోసిన హాస్యనటి. 'లేడీక్రాఖర్' అనే సొంత కామెడీ షో ఉంది. డబ్బింగ్ కొత్తేం కాదు, 'ఫైండింగ్ నీమో'లో మతిమరుపు చేప డోరీకి జర్మన్‌లో ఆమే చెప్పింది. అంటే పని తెలీని మనిషి కాదు. అయినా గొడవ ఆగలేదు. ఎందుకంటే ఆమె గొంతు అందరికీ తెలుసు. ఫోల్క్‌మన్‌ని వింటే మార్జ్ కనపడేది. ఎంగెల్కెని వింటే ఎంగెల్కె కనపడుతోంది. అభిమానుల బాధ అదీ.

ఎంగెల్కె పాత గొంతుని మక్కీకి మక్కీ అనుకరించలేదు. గరగర తగ్గింది, వయసు తగ్గింది, కాస్త మెత్తబడింది. నా మటుకు నాకు ఆమె చేసిందే సబబనిపిస్తుంది. పోయినవాళ్ల గొంతుని మిమిక్రీ చేస్తే రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజు నుంచి అది వెక్కిరింపులా వినిపిస్తుంది. అయితే ఆ మాట అప్పట్లో మార్జ్ అభిమాని ముందు అని ఉంటే తన్నేవాడేమో.

ఇంకొకరి కుర్చీలో కూర్చోవడం ఎంగెల్కెకి అప్పటికే తెలిసిన చేదు. హరాల్డ్ ష్మిట్ అనే టీవీ దిగ్గజం రాత్రి షో వదిలేస్తే 2004లో ఆ సమయంలో ఆమె షో పెట్టారు. మే నెలలో మొదలై అక్టోబర్‌కల్లా మూతపడింది. అంత దెబ్బ తిన్న రెండేళ్లకే మళ్లీ ఇంకొకరి చోటులోకి వెళ్లడానికి ఒప్పుకుందంటే గుండె ధైర్యం ఉండాలి.

2007లో వచ్చిన 'సింప్సన్స్' సినిమాలోనూ ఆమే మార్జ్. ఏడాది, రెండేళ్లు, ఐదేళ్లు గడిచాయి. గొణిగేవాళ్లు గొణుగుతూనే చూశారు. 2015 నవంబర్‌లో హోమర్ గొంతు గాస్టెల్ కూడా 86 ఏట పోయాడు. క్రిస్టోఫ్ యబ్లోంకా వచ్చాడు. మళ్లీ అదే గోల. ఈసారి తమాషా ఏమిటంటే, పాత సింప్సన్ కుటుంబంలో మిగిలినవాళ్ల లెక్కలో ఎంగెల్కె కూడా చేరిపోయింది! అప్పటికే ఎనిమిదేళ్ల పాతకాపు మరి.

గొంతు ఎవరి సొత్తు?

ఈ వృత్తిలో పేరు రాదు, సరే. డబ్బైనా వస్తుందా? దీనికి జవాబు చెప్పింది ఒక కోర్టు కేసు. 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' మొదటి మూడు సినిమాల్లో జానీ డెప్‌కి జర్మన్ గొంతిచ్చింది మార్కుస్ ఆఫ్ అనే నటుడు. ఆ సినిమాలు కోట్లు కురిపించాయి. తనకి ముట్టింది టేకుల లెక్కన వచ్చిన డబ్బే. సినిమా అంత ఆడినప్పుడు నాకూ ఇంకొంచెం రావాలని ఆయన కోర్టుకెక్కాడు. నాలుగో సినిమా 2011లో వచ్చింది. అందులో జాక్ స్పారో గొంతు డేవిడ్ నాథన్‌ది.

2012లో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు ఆఫ్ వైపు మొగ్గింది. ప్రధాన పాత్రకి చెప్పిన డబ్బింగ్ అనేది సినిమాకి పక్కవాటు పని కాదు, సినిమా బ్రహ్మాండంగా ఆడితే అదనపు పారితోషికం అడిగే హక్కు ఆ నటుడికి ఉండొచ్చు అని చెప్పింది. ఆ మీదట లెక్కలు తేలి, బెర్లిన్ కోర్టు ఆయనకి డబ్బు ఇమ్మనడానికి 2016 వచ్చింది. కేసు గెలిచాడు, జాక్ స్పారోని పోగొట్టుకున్నాడు. అయినా ఆ తీర్పు తర్వాత వచ్చేవాళ్లందరికీ పనికొచ్చేది.

ఫోల్క్‌మన్ ఆ తీర్పు చూడలేదు. ఇప్పుడు జర్మన్ డబ్బింగ్ నటుల గుండెల్లో రాయి వేసిన ఇంకో సంగతీ చూడలేదు. అది ఏఐ. గంటల తరబడి రికార్డింగులుంటే చాలు, మెషిన్ ఆ గొంతుతో ఎన్నడూ చెప్పని మాటలు చెప్పేస్తుంది. ఫ్రాన్స్‌లో స్టాలోన్‌కి దశాబ్దాలుగా గొంతిచ్చిన అలాన్ డోర్వాల్ 2024 ఫిబ్రవరిలో పోయాడు. ఏడాది తిరక్కుండానే 2025 జనవరిలో, 'ఆర్మర్' అనే సినిమా కోసం ఆయన గొంతుని ఏఐతో తయారు చేశామని ఒక కంపెనీ ప్రకటించింది. ఆయన కూతురు ఫ్రాన్స్ ప్రభుత్వంలో మంత్రి. మేం ఒప్పుకున్నది పరీక్ష చేసి చూడ్డానికి మాత్రమే అని ఆమె తేల్చి చెప్పింది. అదే ఏడాది జర్మనీ నటుల సంఘం కూడా తమ గొంతులని అడక్కుండా మెషిన్లకి మేపొద్దంటూ జనం దగ్గర సంతకాలు సేకరించింది.

ఒక్కసారి వెనక్కి వెళ్లి ఆలోచించండి. 2006లో ఈ మెషిన్ ఉండి ఉంటే? 300 పైచిలుకు ఎపిసోడ్ల రికార్డింగు సిద్ధంగా ఉంది. అరుపు ఉంది, ఏడుపు ఉంది, ఆ గొణుగుడు ఉంది. ఎంగెల్కెకి ఫోన్ చేసే అవసరమే వచ్చేది కాదు. మార్జ్ గొంతు మారేది కాదు, 2007లో ఎవరూ గోల చేసేవారు కాదు. అభిమానులు సంతోషపడేవాళ్లా? మొదట్లో పడేవాళ్లేమో. ఆ ఫ్లాట్‌లో పోయిన మనిషికి కనీసం ఆ గోల దక్కింది. ఒక మనిషి లేదని ఇంతమందికి తెలిసింది ఆ గొంతు మారబట్టే.

ఇప్పుడు లెక్క చూస్తే ఎంగెల్కె మార్జ్‌గా ఫోల్క్‌మన్ కంటే ఎక్కువ ఏళ్లే ఉంది. 2007 తర్వాత పుట్టిన పిల్లలకి ఆమే అసలు మార్జ్. పాత గొంతు వినిపిస్తే మొహం చిట్లించేది వాళ్లే.

జర్మనీలో 2020 నుంచి డిస్నీ ప్లస్‌లో 'సింప్సన్స్' దొరుకుతోంది. కొత్త సీజన్ చూస్తున్న పిల్లాడి చేతిలోంచి వాళ్ల నాన్న రిమోట్ లాక్కుని వెనక్కి, ఇంకా వెనక్కి, తొంభైల దగ్గరికి పోతాడు. అదే పసుప్పచ్చ మొహం, అదే నీలం జుట్టు. కొడుకు నీళ్లు చల్లినట్టు లేచి కూర్చుంటాడు, ఇదెవరి గొంతని. నాన్న జవాబు చెప్పడు. వాల్యూమ్ పెంచుతాడు.